మా యూనివర్సిటీ అధికారిక సమావేశాల్లోకి వీడియో కాన్ఫరెన్స్ ఎలా వచ్చింది – నా అనుభవం

ఈ మార్చి నుంచి మా యూనివర్సిటీలో బోర్డ్ ఆఫ్ స్టడీస్ (సిలబస్ మీద నిర్ణయం తీసుకునే కమిటీ), ఫ్యాకల్టీ కమిటీల సమావేశాలకు సభ్యులు వీడియో కాన్ఫరెన్స్‌లో హాజరు కావచ్చు. అలా హాజరైనవాళ్లు కోరంలో, అంటే సమావేశం చెల్లడానికి ఉండాల్సిన కనీస సభ్యుల సంఖ్యలో, లెక్కకు వస్తారు, ఓటు వేస్తారు, సమావేశంలో జరిగింది రాసే మినిట్స్‌లో వాళ్ల పేరు అందరి పేర్లతో పాటే ఉంటుంది. నేను అకడమిక్ సెక్షన్‌లో పనిచేస్తాను. నోటీసులు పంపడం, కోరం చూసుకోవడం, మినిట్స్ రాయడం నా పని. ఈ ఫైలు మొదటి నోట్ నుంచి చివరి ఉత్తర్వు దాకా నా టేబుల్ మీదుగానే నడిచింది. ఇంకెక్కడైనా ఇదే ప్రయత్నంలో ఉన్నవాళ్లకు పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అంతకుముందు మా దగ్గర వీడియో కాన్ఫరెన్స్ అసలే లేదని కాదు. పరిపాలనా భవనంలో పెద్ద తెర, కెమెరా, టేబుల్ మైకులు ఉన్న హాలు ఒకటి ఉంది. అది పాలకమండలికే. మిగతా కమిటీలకు ఆ హాలు దొరికేది కాదు, దొరికినా నిబంధనలు ఒప్పుకునేవి కావు. డిపార్ట్‌మెంట్లు ఎవరికి వారు సొంత ఉచిత ఖాతాలతో లింకులు పెట్టుకునేవాళ్లు. జూమ్ ఉచిత ఖాతాలో మీటింగ్ 40 నిమిషాలకు ముగుస్తుంది. గూగుల్ మీట్ ఉచిత ఖాతాలో ముగ్గురు, అంతకంటే ఎక్కువ మంది ఉంటే 60 నిమిషాలు. సిలబస్ మీద చర్చ ఆ సమయంలో తేలేది కాదు. పైగా అలా పాల్గొన్నవాళ్ల మాట అభిప్రాయం కిందే లెక్క. ఓటు లేదు, కోరంలో చోటు లేదు.

గత ఏడాది ఏప్రిల్‌లో ఒక బోర్డ్ ఆఫ్ స్టడీస్ సమావేశం కోరం లేక వాయిదా పడింది. బయటి నిపుణులుగా ఉన్న ఒక ప్రొఫెసర్‌గారికి అప్పుడే మోకాలి ఆపరేషన్ అయింది. ముందు రోజు ఫోన్ చేశారు. "సిలబస్ మొత్తం చదివి, మార్చాల్సినవి రాసి పెట్టుకున్నానమ్మా. ఇంట్లో కూర్చుని ఎంతసేపైనా మాట్లాడగలను. నన్ను లెక్కలో వేసుకుంటారా?" అని అడిగారు. నిబంధన ఒప్పుకోదని చెప్పాల్సి వచ్చింది. మర్నాడు కోరానికి ఒక్కరంటే ఒక్కరు తక్కువయ్యారు. మళ్లీ అందరికీ కుదిరే తేదీ దొరికేసరికి దాదాపు ఏడు వారాలు పట్టింది. ఈలోపు ప్రవేశాలు పూర్తయ్యాయి, కొత్త బ్యాచ్ పాత సిలబస్‌తోనే తరగతులు మొదలుపెట్టింది. వాయిదా నోటీసు టైప్ చేస్తున్నప్పుడు నాకు చాలా బాధేసింది. ఇష్టంగా పని చేయడానికి సిద్ధంగా ఉన్న మనిషిని మనమే వద్దన్నాం, దాని ఫలితం విద్యార్థుల మీద పడింది. ఆ బాధతోనే మే నెలలో నోట్ పెట్టాను.

నోట్‌లో నేను అడిగింది రెండే: అన్ని డిపార్ట్‌మెంట్లకూ పూర్తి స్థాయి మీటింగ్ ఖాతాలు, వీడియోలో హాజరైన సభ్యులకు పూర్తి గుర్తింపు. మా డిప్యూటీ రిజిస్ట్రార్ చదివి, "మొదటిది డబ్బుతో అయిపోతుంది. రెండోదానికి ఓపిక ఉండాలి" అన్నారు. ఆయన అన్నట్టే అయింది.

ఫైలు మొదట ఐటీ సెంటర్‌కు వెళ్లింది. నెల రోజుల తర్వాత వచ్చిన మొదటి ప్రశ్న: ఎంతమంది హోస్టులు? సభ్యులందరి సంఖ్య అడుగుతారని నేను జాబితా సిద్ధం చేసి ఉంచాను. కానీ ఇలాంటి సేవల్లో ఎక్కువ భాగం చందా మీటింగ్ నడిపేవాళ్ల లెక్కన ఉంటుంది, లింకు నొక్కి లోపలికి వచ్చేవాళ్లకు విడిగా ఖర్చు ఉండదు. ఈ ఒక్క సంగతితో మా అంచనా ఎంతో తగ్గిపోయింది. ఏడాది సమావేశాల రిజిస్టరు తీసి, ఏ డిపార్ట్‌మెంట్‌లో నిజంగా ఎన్ని అధికారిక సమావేశాలు జరిగాయో చూశాను. చాలా డిపార్ట్‌మెంట్లకు నెలకు ఒకటి కూడా లేదు. అలాంటప్పుడు ఒకే లాగిన్ అందరూ పంచుకుంటే సరిపోదా అని కొందరు సలహా ఇచ్చారు. ఐటీ సెంటర్ ఇంజనీర్ గట్టిగా వద్దన్నారు. లైసెన్స్ ఒక మనిషి పేరు మీద ఉంటుంది, పాస్‌వర్డ్ నలుగురి చేతుల్లో పడితే రేపు ఏ సమావేశంలో ఎవరు ఏం చేశారో తేల్చడం ఎవరి తరమూ కాదు. ఆ మనిషి బదిలీ అయినప్పుడు లైసెన్స్‌ను ఇంకొకరికి మార్చుకునే వీలు మాత్రం ఉంటుంది. చివరికి ఫ్యాకల్టీకి ఒకటి, ఎక్కువ సమావేశాలు జరిగే డిపార్ట్‌మెంట్లకు ఒక్కొక్కటి, మా సెక్షన్‌కు రెండు అని తేలింది.

ఐటీ సెంటర్‌లోనే ఇంకో చర్చ నడిచింది. ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ మన సర్వర్ల మీదే పెట్టుకోవచ్చు కదా అని. జిట్సీ, బిగ్‌బ్లూబటన్ రెండూ పరీక్షించారు. బిగ్‌బ్లూబటన్ కెనడాలోని కార్ల్‌టన్ యూనివర్సిటీలో 2007లో ఆన్‌లైన్ తరగతుల కోసమే మొదలైంది, అందుకే తరగతికి అది చక్కగా కుదిరింది. లైసెన్స్ ఖర్చు లేకపోయినా సర్వర్ కావాలి, అప్‌డేట్లు చూసే మనిషి కావాలి, సమావేశం మధ్యలో ఆగితే పరుగెత్తుకొచ్చేవాళ్లు కావాలి. ఉన్న ఇద్దరు ఇంజనీర్లతో అది కుదరదని వాళ్లే రాసిచ్చారు. తరగతులకు ఓపెన్ సోర్స్, అధికారిక సమావేశాలకు చందా సేవ అని నిర్ణయం అయింది. నా వరకు అది సరైన నిర్ణయమే. అయితే మనుషులు ఉన్న యూనివర్సిటీలు సొంత సర్వర్ దారి వదులుకోవద్దనే చెప్తాను. డేటా మన దగ్గరే ఉండడం చిన్న విషయం కాదు.

ఆగస్టులో ఫైలు ఫైనాన్స్‌కు వెళ్లింది. ఎక్కువ కాలం ఆగింది ఇక్కడే. డబ్బు లేక కాదు. కెమెరా కొంటే అది పరికరం, ఒక పద్దు. ఏటా కట్టే చందా ఇంకో పద్దు, వచ్చే ఏడాదీ ఆ తర్వాతా కట్టాలి. దానికి శాశ్వత కేటాయింపు ఉండాలంటారు. బయటి సభ్యుల ప్రయాణ భత్యాల బిల్లులు ఏడాదివి తీసి మొత్తం లెక్కగట్టాను. చందా అంతకంటే తక్కువే వచ్చింది. ఆ కాగితం చూపిస్తే పని అయిపోతుందనుకున్నాను. ప్రయాణాల పద్దులో మిగిలిన సొమ్మును సాఫ్ట్‌వేర్ పద్దులోకి మార్చడానికి వేరే ఆమోదం కావాలన్నారు. దానికి ఇంకో నోట్. ఇంకో ప్రశ్న కూడా వచ్చింది: ఇంట్లో కూర్చుని హాజరైన సభ్యుడికి సిట్టింగ్ ఫీజు ఇవ్వాలా? సభ్యుడు చేసే పని సిలబస్ చదవడం, ఆలోచించడం, అభిప్రాయం చెప్పడం. బస్సులో వచ్చినా తెర మీద వచ్చినా ఆ పని అంతే. మా డీన్ ఈ విషయంలో గట్టిగా నిలబడ్డారు. ప్రయాణ భత్యం ఉండదు, ఫీజు మాత్రం పూర్తిగా ఇస్తారని రాయించారు. ఇది ముందే రాయించుకోకపోతే సమావేశం తర్వాత బిల్లు దగ్గర పెద్దవాళ్లను ఇబ్బంది పెట్టినట్టవుతుంది.

అక్టోబరు చివరికి ఆర్థిక ఆమోదం వచ్చింది. అదే సమయంలో న్యాయ సలహాదారు దగ్గర నుంచి ఫైలు తిరిగొచ్చింది. మా పాత నిబంధనల్లో కోరం అంటే సమావేశ స్థలంలో ఉన్న సభ్యుల సంఖ్య అని స్పష్టంగా ఉంది. ఖాతాలు ఎన్ని కొన్నా ఆ వాక్యం మారకపోతే, ఎవరైనా కోర్టుకు వెళ్తే ఆ తీర్మానం నిలబడదు అన్నారు. సవరణ తప్పదు. దాని ముసాయిదా రాయడానికి నవంబరంతా పట్టింది. ఈ నెల రోజుల్లో నేను నేర్చుకున్నది మిగతా అంతటికంటే ఎక్కువ.

వీడియోలో ఉన్న సభ్యుడు హాజరైనట్టు ఎప్పుడు లెక్క? ముఖం కనబడితేనా? మొదటి ముసాయిదాలో కెమెరా తప్పనిసరి అని రాశారు. నెట్ బలహీనంగా ఉండే ఊళ్లలో ఉన్న సభ్యుల మాటేమిటని నేను అడిగాను. మాట ఒక్కటే పంపడానికి సెకనుకు 100 కిలోబిట్లు కూడా అక్కర్లేదు. 720పీ స్పష్టత ఉన్న వీడియోకైతే మెగాబిట్లు కావాలి, ఒక మెగాబిట్ అంటే వెయ్యి కిలోబిట్లు. చివరికి, మొదట ఒకసారి కెమెరాలో కనబడి ఎవరో నిర్ధారించుకోవాలి, ఆ తర్వాత అందరి మాటా తనకు వినబడుతూ తన మాట అందరికీ వినబడుతున్నంతసేపూ హాజరైనట్టే అని రాశారు. లింకు తెగిపోతే ఆ సమయం మినిట్స్‌లో రాయాలి. తెగడం వల్ల కోరం తగ్గితే, తిరిగి కలిసేదాకా ఏ తీర్మానమూ చేయకూడదు. ప్రారంభంలోనూ ప్రతి విరామం తర్వాతా ఛైర్‌పర్సన్ పేర్లు పిలిచి హాజరు చూడాలి.

రికార్డింగ్ మీద వాదన చాలా నడిచింది. రికార్డ్ చేస్తే భద్రత అని కొందరు, రికార్డ్ అవుతోందంటే ఎవరూ మనసు విప్పి మాట్లాడరని కొందరు. ఒక తోటి యూనివర్సిటీ మార్కుల తీరు గురించి చర్చ వచ్చినప్పుడు సభ్యులు నిజం చెప్పాలంటే ఆ స్వేచ్ఛ ఉండాలి. రికార్డింగ్ ఉండకూడదని, ఆమోదం పొందిన మినిట్సే అధికారిక రికార్డు అని నిర్ణయించారు. నాకు ఇది నచ్చింది. ఉచిత ఖాతాల కాలంలో ఎవరి సొంత ఖాతాలో ఏ రికార్డింగ్ మిగిలిపోయిందో ఇప్పటికీ తెలియదు. గోప్యత గురించి ఇంకో వాక్యం చేర్చారు: సభ్యుడు గదిలో ఒంటరిగా ఉన్నానని, ఇంకెవరూ వినడం లేదని మొదట్లో చెప్పాలి. కొంతమందికి ఇది అవమానంగా అనిపించింది. నోటీసులోనే ముందుగా రాసి పంపడం మొదలుపెట్టాక ఎవరూ నొచ్చుకోలేదు.

డిసెంబరు రెండో వారంలో జరిగిన సమావేశంలో సవరణ ఆమోదం పొందింది. ఆ సమావేశానికి మాత్రం పాత నిబంధన ప్రకారం అందరూ స్వయంగా రావాల్సి వచ్చింది. నిండు గర్భిణిగా ఉన్న ఒక సభ్యురాలు కూడా వచ్చి చేయెత్తారు. ఆవిడకు రుణపడి ఉన్నాం.

ఇక హాలు సంగతి. ఖాతాలు చేతికి వచ్చాయి కదా, ల్యాప్‌టాప్ పెడితే సరి అనుకునేవాళ్లకు చెప్తున్నాను: గదిలో కొందరు, తెర మీద కొందరు ఉండే సమావేశమే అన్నిటికంటే కష్టమైనది. డిసెంబరు చివర్లో మొదటి పరీక్ష చేశాం. పొడవాటి టేబుల్, ఒక చివర ల్యాప్‌టాప్. అవతలి క్యాంపస్ నుంచి మా సహోద్యోగి, "మేడమ్, మొదటి ఇద్దరి మాట తప్ప ఏమీ వినపడటం లేదు. మిగతా అందరూ బావిలోంచి మాట్లాడుతున్నట్టుంది" అని మెసేజ్ పెట్టింది. గదిలో ఉన్నవాళ్లకు ఈ సంగతి తెలియదు, వాళ్లకు అన్నీ బాగానే వినబడుతుంటాయి. అందుకే పరీక్ష చేసేటప్పుడు పని నడిపించే మనిషి బయట కూర్చుని వినాలి. మరుసటి పరీక్షకు నేను వేరే భవనంలోకి వెళ్లి విన్నాను. గదిలో ఇద్దరు తమ ల్యాప్‌టాప్‌లు కూడా మీటింగ్‌లో కలిపితే ఒకటే కూత. గదిలో ఒక్క పరికరానికే మైకు, స్పీకరు ఉండాలి, మిగతావన్నీ మ్యూట్‌లో, స్పీకర్ కూడా ఆపి ఉంచాలి.

కెమెరా కంటే ముందు మైకులు కొనమని మా ఇంజనీర్ చెప్పారు. ఆయన మాట విన్నందుకు ఎంతో మేలు జరిగింది. బొమ్మ మసకగా ఉన్నా సమావేశం నడుస్తుంది, మాట తెగితే నడవదు. టేబుల్ మీద మధ్య మధ్య మైకులు, ప్రతిధ్వనిని అణిచే యూనిట్ ఒకటి, తెరకు దగ్గరలో కెమెరా. వైఫై బదులు లాన్ కేబుల్. అయినా బొమ్మ మాటిమాటికీ ఆగిపోయేది. కారణం నెట్ వేగం కాదు, మా క్యాంపస్ ఫైర్‌వాల్, అంటే నెట్‌వర్క్‌కు కాపలా కాసే వ్యవస్థ. వీడియో సేవలు ఎక్కువగా యూడీపీ (డేటాను ఆలస్యం లేకుండా పంపే పద్ధతి) పోర్టుల మీద నడుస్తాయి, పోర్టు అంటే నెట్‌వర్క్‌లో ఒక ద్వారం లాంటిది. టీమ్స్‌కు 3478 నుంచి 3481 వరకు, జూమ్‌కు 8801 నుంచి 8810 వరకు అలాంటివే. అవి మూసి ఉంటే సేవ ఆగిపోదు, 443 పోర్టు మీద టీసీపీ అనే నెమ్మది దారి పట్టి కుంటుతూ నడుస్తుంది. అందుకే చాలాకాలం ఎవరూ కారణం కనిపెట్టలేదు. పోర్టులు తెరిచిన రోజు నుంచి ఆ బాధ పోయింది. మీ దగ్గర నెట్ వేగం బాగుండీ వీడియో ఆగుతుంటే ముందు ఇదే అడగండి.

జనవరిలో కొన్ని డిపార్ట్‌మెంట్లలో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టాం. మొదటి సమావేశంలోనే బయటి సభ్యులు ఇద్దరు లోపలికి రాలేకపోయారు. భద్రత కోసమని యూనివర్సిటీ ఖాతా ఉన్నవాళ్లనే అనుమతించే సెట్టింగ్ పెట్టారు. బయటి సభ్యులకు మా ఖాతా ఎక్కడిది! పెద్దాయన ఒకరు పావుగంట పాటు లింకు నొక్కుతూనే ఉన్నారు. టెన్షన్‌తో నా చేతులు చల్లబడిపోయాయి. ఫోన్‌లో ఆయనను పట్టుకుని, ఇంజనీర్‌తో సెట్టింగ్ మార్పించి లోపలికి తీసుకున్నాం. ఇప్పుడు వెయిటింగ్ రూమ్ పెట్టి, ఒక్కొక్కరినీ పేరు చూసి నేనే అనుమతిస్తున్నాను. పేరు బదులు ఫోన్ మోడల్ కనబడితే లోపలికి వచ్చాక మార్పిస్తాను.

సాఫ్ట్‌వేర్ ఇచ్చే హాజరు నివేదికను నమ్మి మినిట్స్ రాయకండి. ఒక సభ్యురాలి లింకు తెగి మళ్లీ కలిస్తే నివేదికలో ఆవిడ పేరు రెండు వరుసల్లో వస్తుంది. ల్యాప్‌టాప్ నుంచి ఫోన్‌కు మారితే అది మూడో వరుస. పేర్లు పిలిచి చేతితో రాసుకున్న పట్టికే ఆధారం, నివేదిక దానికి తోడు.

రహస్య ఓటింగ్ దగ్గర ఇంకో సంగతి తెలిసింది. మేం వాడుతున్నదాంట్లో హోస్ట్‌గా ఉన్నవాళ్లకు పోల్‌లో ఓటు వేసే వీలు లేదు. అందుకని ఛైర్‌పర్సన్‌ను హోస్ట్ చేయకూడదు. ఓటు లేని నేనే హోస్ట్‌గా ఉంటున్నాను. పోల్ తయారు చేసేటప్పుడే పేర్లు కనబడని ఎంపిక పెట్టాలి. గదిలో ఉన్నవాళ్లు కూడా చేయెత్తకుండా ఫోన్‌లోనే ఓటు వేస్తారు. అలా కాకపోతే తెర మీద ఉన్న ఇద్దరు ముగ్గురి ఓటు ఎటు పడిందో లెక్క కట్టేయవచ్చు.

వినికిడి సమస్య ఉన్న ఒక ప్రొఫెసర్‌గారు మా బోర్డుల్లో ఒకదాంట్లో ఉన్నారు. గదిలో ఆవిడ పెదవుల కదలిక చూసి అర్థం చేసుకునేవారు. తెర మీద అందరూ చిన్న చుక్కల్లా కనబడేసరికి ఏమీ అందలేదు. లైవ్ క్యాప్షన్లు ఆన్ చేశాం. మామూలు మాటలు బాగానే వచ్చాయి, సబ్జెక్టు పదాలు మాత్రం తప్పులతడక. అప్పుడు ఆవిడే దారి చెప్పారు: మాట్లాడే ముందు ఎవరైనా పేరు చెప్పాలి, ఒకరి మాట పూర్తయ్యాకే ఇంకొకరు, తీర్మానం పాఠం ఓటుకు ముందు తెర మీద చూపించాలి. ఇవి అమలు చేశాక బాగుపడింది ఆవిడ ఒక్కరికే కాదు. మినిట్స్ రాసే నాకు సగం పని తగ్గింది. ఎవరు ఏమన్నారో వెతుక్కునే అవసరం పోయింది. ఈ మూడు అలవాట్లనూ ఇప్పుడు అన్ని కమిటీల నోటీసుల్లోనూ రాస్తున్నాం.

గత ఏప్రిల్‌లో వాయిదా పడిన అదే బోర్డు ఫిబ్రవరిలో మళ్లీ సమావేశమైంది. మోకాలి ఆపరేషన్ అయిన ప్రొఫెసర్‌గారు ఇంట్లోంచి చేరారు. రెండు గంటలకు పైగా కదలకుండా కూర్చుని, ఒక్కో యూనిట్ మీద రాసుకున్నవి చదివి, మూడు చోట్ల మార్పులు చేయించారు. ఓటుకు ఛైర్‌పర్సన్ పేరు పిలిచినప్పుడు స్పష్టంగా "సమ్మతమే" అన్నారు. కోరం పట్టికలో ఆయన పేరు రాస్తుంటే నా కళ్లు చెమర్చాయి. సమావేశం మామూలు కంటే అరగంట ఎక్కువ పట్టింది, పేర్లు పిలవడానికీ పత్రాలు తెర మీద చూపడానికీ. అజెండాలో ఆ అరగంట ముందే వేసుకోవాలి.

మార్చి మొదటి వారంలో రిజిస్ట్రార్ ఉత్తర్వు వచ్చింది, అన్ని డిపార్ట్‌మెంట్లకూ వర్తించేలా. నోట్ పెట్టినప్పటి నుంచి లెక్కేస్తే దాదాపు పది నెలలు. అందులో సాఫ్ట్‌వేర్ కొని అమర్చడానికి పట్టింది కొన్ని వారాలే.

ఇంకా మిగిలినవి ఉన్నాయి. సెలక్షన్ కమిటీలకు, విద్యార్థుల క్రమశిక్షణ కమిటీకి అనుమతి ఇవ్వలేదు. క్రమశిక్షణ కమిటీ విషయంలో నేనూ ఒప్పుకుంటాను. భవిష్యత్తు తేల్చే మాట వినడానికి వచ్చిన పిల్లవాడి ఎదురుగా పెద్దలు ఉండాలి. సెలక్షన్ కమిటీల బయటి నిపుణులకు మాత్రం అనుమతి ఉండాలనే నా అభిప్రాయం, దాని మీద వేరే నోట్ తయారవుతోంది. రెండు క్యాంపస్‌లలో హాళ్లకు ఇంకా మైకులు రాలేదు, అక్కడివాళ్లు ప్రస్తుతానికి ఎవరి గదిలోంచి వాళ్లు హెడ్‌సెట్‌తో చేరుతున్నారు. నిజానికి అందరూ తెర మీదే ఉన్న ఆ సమావేశాలు సగం సగం వాటికంటే సాఫీగా నడుస్తున్నాయి. చందా గడువు వచ్చే ఫిబ్రవరితో ముగుస్తుంది. ఫైనాన్స్‌లో పోయినసారి పట్టిన కాలం గుర్తుంది కాబట్టి, ఆగస్టులోనే రెన్యువల్ నోట్ పెట్టేలా క్యాలెండర్‌లో రాసి ఉంచాను.